గొంతు వెంట రాని అక్షరం

పద్యం చదివే గొంతుకూ, ఆ పద్యాన్ని చూపే తెరకూ మధ్య అర క్షణం ఎడం ఉంటే లోకమేమీ మునిగిపోదని నాకు బోధించినవాడు ఉప్పళంలో కంప్యూటర్లు బాగుచేసే ఒక నడివయసు మనిషి. ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అరవనాట ఉన్న మా ఊళ్ళో, నెల్లితోపు పేటలో మా తెలుగువాళ్ళ భజనమందిరం ఒకటి ఉంది. శనివారం సాయంత్రాలు అక్కడ కొందరు పెద్దవాళ్ళకు నేను తెలుగు చదవడం నేర్పుతాను. పుట్టింది మొదలు ఇంట్లో తెలుగే మాట్లాడినవాళ్ళు వాళ్ళు. పద్యాలను, కీర్తనలను చెవితో పట్టి కంఠాన నిలుపుకున్నవాళ్ళు. లిపి మాత్రం ఎరుగరు. బడిలో చదివింది అరవం, పనిలో మాట్లాడింది అరవం. అటువంటివారికి పలుకు నేర్పనక్కరలేదు. నోట ఉన్న పలుకుకు రూపమేదో కంటికి చూపితే చాలు.

అందుకు తగిన సాధనం నా దగ్గర ఉంది. తెలుగునూ గణితాన్నీ సమానంగా సాధించిన నా సహాధ్యాయి ఒకడు, కాలధర్మం చెందడానికి చాలాకాలం ముందే, కంప్యూటరులో నడిచే పాఠమొకటి తయారుచేశాడు. తెరమీద పద్యం నిలుస్తుంది. అతని గొంతు దానిని తీరికగా చదువుతుంది. పలుకుతున్న అక్షరం మీద పసుపు వెలుగు నిలిచి, గొంతుతోపాటు తర్వాతి అక్షరానికి జరుగుతుంది. చెవికి తెలిసినదాన్ని కన్ను వెంబడించడమే అందులోని విద్య అంతా.

పాత కంప్యూటరు నిరుడు కన్నుమూసింది. కొత్తదానిలో ఆ పాఠం తెరుచుకోనే లేదు. అప్పుడు ఉప్పళం మనిషి ఒక ఉపాయం చెప్పాడు. కొత్త కంప్యూటరు లోపల, పాతదాని వంటి కంప్యూటరును ఒకదాన్ని కల్పించవచ్చునట. దానిని వర్చువల్ మెషీన్ అంటారట. పాత పాఠం తన పాత ఇంట్లోనే ఉన్నాననుకొని అందులో నడుస్తుందట. ఇది పరకాయప్రవేశమే కదా అని ముచ్చటపడ్డాను.

ఆ ముచ్చట ఒక్క సాయంత్రమైనా నిలువలేదు. అతడు మందిరంలోని పెద్ద టీవీకి దానిని తగిలించి చూపించాడు. అంత టీవీ నడుమ పోస్టుకార్డంత పెట్టె, చుట్టూ చీకటి. గొంతు సాఫీగా పోతున్నది. వెలుగు మాత్రం ఆగి, ఉలికిపడి, సరిగ్గా ఒక అక్షరం వెనుకగా కుంటుతూ వస్తున్నది.

"ఏమిటి నాయనా ఇది? గొంతు ముందు పోతోంది, అక్షరం వెనకబడుతోంది."

"అది లాగ్ సార్. వర్చువల్ అంటే అట్టే దా ఉంటాది," అన్నాడు, మాటకు అరవపు 'దా' తగిలించి.

"ఇంత చిన్నదైతే వీళ్ళ కళ్ళకు ఆనుతుందా?"

"దగ్గిర కూసోమనండి. సాఫ్ట్‌వేర్ పాతది, దానిమింద తెలుగు ఫాంట్ వేరే. తెలుగు శానా వెయిట్ సార్. అరవం అయితే పరిగెత్తతా ఉంటాది."

తెలుగును రాయి మోసింది, తాటాకు మోసింది, సీసపు అచ్చు మోసింది. ఇతని పెట్టెకు మాత్రం బరువైపోయింది!

ఆ తరువాత అతని అంగడికి ఎన్నోసార్లు నడిచాను. వెళ్ళిన ప్రతిసారీ ఒకే సమాధానం. "అర సెకండు దానే సార్! మీరొక్కరే కంప్లెయింట్. ఆ పెద్దోళ్ళు ఎవురైనా సెప్పినారా?" నిజమే, వాళ్ళెవరూ చెప్పలేదు. చెప్పడానికి వాళ్ళకు తెలియాలి గదా! చదువు వచ్చినవాడి కంటికి ఆ ఎడం చికాకు మాత్రమే. చదువు రానివాడికి అదే పాఠం.

ఆ సంగతి నాకు బోధపడింది ఒక పెద్దావిడ వల్ల. నూలుమిల్లులో పనిచేసి విరమించిన మనిషి. మందిరంలో శ్రీరామనవమినాడు ఎవరో ఒకరు సభ ఎదుట కాగితం పట్టుకొని పద్యం చదవడం మా ఆచారం. నిరుడు ఆ మర్యాద నెల్లూరునుంచి కొత్తగా వచ్చిన ఆవిడ కోడలికి దక్కింది. చదివి కూర్చొని, పక్కవాళ్ళతో ఆ పిల్ల నవ్వుతూ, "మా అత్తకు తెలుగు రాదులే" అన్నది. తెలుగు తప్ప ఇంట్లో మరొకటి ఎరుగని మనిషి చెవిన ఆ మాట పడింది. మరుసటి శనివారమే ఆవిడ నా ముందు వచ్చి కూర్చుంది.

"అయ్యవారూ, వొచ్చే నవమికి నేను సదవాల. అదీ, నా కోడలు సూస్తా ఉండంగా."

ప్రతి వారమూ అందరికన్న ముందు వచ్చేది. టీవీకి మూరెడు దూరంలో కూర్చొని, కళ్ళు చికిలించి, వెలుగు ఎక్కడుంటే అక్కడికి వేలు జరుపుతూ, గొంతుతో కలిసి పద్యం చెప్పేది. ఒకే పద్యం, వారం తరువాత వారం. ఎక్కడా తడబాటు లేదు. నేను పక్కన కూర్చొని మెచ్చుకునేవాణ్ణి.

నవమి దగ్గరపడుతుండగా ఒక శనివారం కరెంటు పోయింది. గోడనున్న నల్లబల్ల మీద సుద్దతో 'క' అని రాసి, ఏమిటని అడిగాను.

"మ," అన్నది ఆవిడ, గుక్క తిప్పుకోకుండా.

వెనుకనుంచి మరి ఇద్దరు, "మ, మ" అని వంతపాడారు.

'మ' రాశాను. "ల," అన్నది.

ఆ పద్యం 'కమలము' అనే మాటతో మొదలవుతుంది. గొంతు 'మ' అనేసరికి వెలుగు ఇంకా 'క' మీదనే ఉండేది; 'ల' అనేసరికి 'మ' మీద. ఆవిడ చూపించినదాన్ని చూసింది, వినిపించినదాన్ని విన్నది, రెండింటినీ ముడివేసుకుంది. శిష్యధర్మంలో లోపం ఎక్కడా లేదు.

ఆటో ఎక్కి ఉప్పళం పోయి, అంగడిలో నలుగురున్నారని కూడా చూడకుండా ఆ మనిషిని వెంటబెట్టుకొని వచ్చాను. అప్పటికి కరెంటు వచ్చింది. పెద్దావిడ గ్లాసులో కాఫీ పోసుకొని ఒక మూల కూర్చున్నది. అతడు పెట్టె తెరిచి తన దారిన తాను గొణుక్కున్నాడు. లోపలి కంప్యూటరుకు తెరకోసం కేటాయించిన మెమరీ అట్టడుగున ఉన్నదట. బొమ్మను త్వరగా గీసే సదుపాయానికి టిక్కు పెట్టలేదట. బయటి తెర ఎంత ఉన్నదో లోపలిదానికి తెలియజెప్పే చిన్న సాఫ్ట్‌వేర్ అసలు ఎక్కించనే లేదట. అవన్నీ సరిచేసి, లోపలిదాన్ని ఆపి మళ్ళీ నడిపించాడు. ఆవిడ కాఫీ ఇంకా చల్లారలేదు. పద్యం టీవీ నిండా పరుచుకుంది. గొంతూ వెలుగూ కవలల వలె కలిసి నడిచాయి.

"సూడండి సార్! వెన్న మాదిరి పోతా ఉండాది."

"ఇది మొదటిరోజే ఎందుకు చేయలేదు?"

"ఎట్టనో నడస్తా ఉండాదే, సాల్లే అని ఇడిసిపెట్టినా."

అప్పుడు నేనన్న మాటలు మందిరంలో అనదగినవి కావు. సంస్కృతంలో అన్నాను గనుక దేవుడికి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. పెద్దావిడ మాత్రం అందరికీ తెలిసే భాషలోనే అడిగింది.

"ఏం తంబీ, నీ బిడ్డకు ఆవును సూపించి మేక అని సెప్తే, నువ్వు సాల్లే అని ఊరుకుంటావా?"

"అట్ట కాదు పెద్దమ్మా..."

"ఎట్ట మరి? ఇన్ని నెల్లు నేను నేర్సుకున్నది ఏందిరా?"

అతడు సంచి సర్దుకొని వెళ్ళాడు. ఆవిడ టీవీ ముందు కూర్చుంది. కలిసి నడుస్తున్న ఆ వెలుగును చూసిన కొద్దీ ఆవిడ నోరు తడబడింది. మొన్నటిదాకా చెప్పిన పద్యం కూడా చెదిరిపోయింది. కడకు కళ్ళమీద కొంగు కప్పుకున్నది. నేర్పడంకన్న మరపించడం ఎంత కష్టమో ఉపాధ్యాయులకు తెలుసు. ఆ కష్టం టిక్కు పెట్టనివాడి నెత్తిన పడలేదు. ముదిమిలో, కళ్ళు మసకలైన ఒక మనిషి నెత్తిన పడింది. అప్పటినుంచి రోజూ మందిరం తెరిపించాను. నల్లబల్ల మీద ఒక్కొక్క అక్షరం తుడిచి రాస్తూ, తరువాత ఆ వెలుగుతో సరిచూస్తూ, మొదటినుంచి మొదలుపెట్టాము.

నవమికి రెండు రోజుల ముందు ఆవిడ పేచీ పెట్టింది. "ఆ పద్యం వొద్దు అయ్యవారూ. నాకు నోటికొచ్చని నా కోడలికి తెలుసు. సిలకపలుకులంటాది. నేను ఇననిది ఏదైనా ఇయ్యండి."

తేలిక అక్షరాలతో ఒక కందం అల్లి, పెద్దగా రాసి, ఎవరికీ వినిపించకుండా నవమినాడు సరిగ్గా సభలోనే ఆవిడ చేతికిచ్చాను.

లేచి నిలబడింది. వేలు ఆనించి చదివింది. ప్రతి అక్షరం దగ్గరా ఆగింది. గణాలు విరిగాయి, యతి ఎక్కడిదక్కడ చెదిరింది. కందం నడక చెడితే చెవులు మూసుకునే నేను ఆ విరుపులన్నిటినీ ఒళ్ళంతా చెవులై విన్నాను. కంఠస్థమైనది అట్లా విరగదు. మూడో పాదంలో ఒక మాట దగ్గర చాలాసేపు నిలిచిపోతే, కోడలు జాలిపడి ముందుగా అందించబోయింది.

"నువ్వు ఊరుకోమే! నేను సూసి సెప్తాండా."

హారతి పళ్ళెం పట్టుకున్నాయన, "నేరమవతాది పెద్దమ్మా, కూసో" అని, పొద్దుపోతున్నదని అరవపు మాటలో తొందరపెట్టాడు. నేను అతనివైపు చూసిన చూపుకు పళ్ళెం దించాడు. ఆవిడ నాలుగో పాదం కూడా ముగించింది.

కోడలు కాగితం అందుకొని పైనుంచి కిందిదాకా చూసింది. నవ్వలేదు. "అక్షరం తప్పు పోలేదత్తా," అన్నది.

"నిన్నడిగినానా?" అన్నది పెద్దావిడ. కాగితం లాక్కొని, మడిచి, నడుముకు దోపుకొని హారతికి నడిచింది.