కాంపౌండర్ బాబాయ్ చెప్పిన నాలుగు రోజులు

మొన్న ఆదివారం జగ్గయ్యపేట నుంచి తమ్ముడి ఫోన్. "కాంపౌండర్ బాబాయ్ పోయాడక్కా. పాలు పితికి, చెంబు అరుగు మీద పెట్టి, అలాగే ఒరిగిపోయాడు."

బాబాయ్ మా పక్కింటాయన. నందిగామ పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా రిటైరయ్యాడు. తమ్ముడికి పుట్టుకతో హీమోఫిలియా, దెబ్బ తగిలితే రక్తం ఒక పట్టాన గడ్డకట్టదు. వాడి మోకాలు వాచినప్పుడల్లా బాబాయ్ టీకాల డబ్బాలో ఐసు మా ఇంటికొచ్చేది. "గేదెలకి ఇంకో ఐసు దొరుకుతుందిలే" అనేవాడు.

వాడి కోసమే నేను హైదరాబాదులో జన్యుచికిత్స పరిశోధనలో చేరాను. వైరస్‌లోంచి జబ్బు చేసే భాగం తీసేసి, రక్తం గడ్డకట్టించే జన్యువు పెట్టి ఒంట్లోకి పంపుతాం. ఎలుకల్లో మొదటి మోతాదు చాల్లేదు. రెండోది ఇస్తే, వైరస్‌ని గుర్తుపట్టిన ఒళ్ళు దాన్ని దారిలోనే చంపేసింది. ఒంటి రోగనిరోధక శక్తిని శాంతపరిచే మందు ఇచ్చినా లాభం లేకపోయింది. ఇక నావల్ల కాదని ఇంటికొచ్చేశాను.

బాబాయ్ విని నవ్వాడు. "ఒళ్ళు గుర్తుపెట్టుకోవాలనే నా సర్వీసంతా టీకాలేశా. నువ్వేంటే, గుర్తుపెట్టుకోవద్దంటున్నావ్!"

నాకు ఒళ్ళు మండింది. అదేం పట్టించుకోకుండా కొట్టంలోకి తీసుకెళ్ళాడు. దూడ చచ్చిపోయిన గేదెకి, తల్లిలేని దూడని అలవాటు చేస్తున్నాడు. గేదె వెనక్కాళ్ళకి ముందే బంధం వేసి, వాసన చూసి తన దూడే అనుకునేలా దాని పాలే దూడ ఒంటికి రాశాడు.

"ఒక్కసారి తన్నడం మరిగిందా, ఇక దగ్గరికి రానివ్వదు. అందుకే మొదటిరోజే కట్టాలి. అలాగని కట్టే ఉంచితే కాళ్ళు పాడైపోతాయ్. నాలుగు రోజులు చాలు."

మేం మందు ఇచ్చింది రెండో మోతాదప్పుడు, అంటే తన్నడం మరిగాక! ముందే ఇవ్వాలని ఎక్కడో చదివిందే, దిగులులో తట్టలేదు. తిరిగెళ్ళి, కొత్త ఎలుకలకి మొదటి మోతాదుతోపాటే ఆ మందు కొన్నాళ్ళిచ్చి ఆపేశాం. ఈసారి రెండో మోతాదు కూడా చేరింది. మనుషుల దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. అయినా ఫోన్లో చెబితే బాబాయ్ ఒకటే అడిగాడు, "కట్టు విప్పావా?" అని. ఆరోజు కొట్టంలో చెప్పిన మాటకి ఆయనకి జన్మంతా రుణపడి ఉంటాను.

నేను వెళ్ళేసరికి కొట్టంలో ఇంకో గేదె బంధంతో ఉంది, పక్కన కొత్త దూడ. పోయే ముందు బాబాయ్ కట్టిందే.

"ఇవాళ నాలుగోరోజక్కా" అంటూ తమ్ముడు బిగుసుకుపోయిన మోకాలితో దాని కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తన్నితే వాడి ప్రాణం మీదికొస్తుంది.

"నువ్వొద్దురా!"

"బాబాయ్ కట్టింది కదక్కా, ఏం కాదు."

ముడి విప్పాడు. గేదె కాలెత్తింది. మెల్లగా దింపింది. మెడ తిప్పి, దూడ వీపు నాకడం మొదలుపెట్టింది.