పడుకోబెట్టిన ఏరియల్

కడపలో కాలువ కచేరీకి వైర్‌లెస్ సెట్టు వచ్చిన కొత్తలో నేను అక్కడ టెంపరరీ మెకానిక్కుని. బడిలో అయిదు దాటలేదు. పాత సామాన్ల అంగట్లో దొరికిన అట్టలేని రేడియో పుస్తకాన్ని, నిఘంటువు పక్కన పెట్టుకొని చదివి పని నేర్చుకున్నాను. పర్మనెంటు కావాలంటే తనిఖీకి వచ్చే అధికారి నా పని చూసి మంచిమాట రాయాలి.

మాకూ పోలీసులకూ ఒకే ఫ్రీక్వెన్సీ ఇచ్చారు. కర్నూలు వైపు కాలువ మొగదల నుంచి మావాడు నీటిమట్టం చెబుతుంటే, మధ్యలో పోలీసులు దొంగల సంగతి మాట్లాడేవారు. వాళ్ల ఏరియల్ కడ్డీలు నిలువుగా ఉండేవి. మావి రెండుచోట్లా అడ్డంగా పడుకోబెట్టాను. నిలువు కడ్డీ పంపిన తరంగం అడ్డకడ్డీకి సరిగా అందదు. అంతే కిటుకు. ఎవరి మాట వాళ్లకు వినబడసాగింది.

తనిఖీ అంటే మా హెడ్ గుమాస్తాకు సున్నం, జాజు. చెట్ల మొదళ్లకు కూడా పట్టీలు వేయించాడు. ఆ పొద్దున నేను బ్యాటరీలు తెచ్చేసరికి మిద్దె మీద మా కడ్డీ నిటారుగా నిలబడి ఉంది.

“వాలిపోయిండాది, లేపించినా. దొర వచ్చాండాడు, మర్యాదగా ఉండొద్దా?” అన్నాడు.

“అది వాలిపోలేదు సార్, నేనే పడుకోబెట్టినా.”

“ఎద్దా అది, పడుకోబెట్టేదానికి? నువ్వు చదివిందెంత, మాట్లాడేదెంత!”

ఇంతలో అధికారి రానే వచ్చాడు. సెట్టు పెడితే, ఒంటిమిట్ట తిరునాళ్లలో గొలుసు తెంపినవాడు దొరికాడని పోలీసు గొంతు గదంతా మోగింది. మావాడి గొంతు దోమ రొదలా ఉంది.

“ఇదేనా నీ పని?” అన్నాడు అధికారి నాతో.

నేను మిద్దెక్కి బోల్టు వదులుచేసి కడ్డీని అడ్డంగా తిప్పాను. దిగేసరికి మావాడు నాలుగడుగుల నీరుందని శుభ్రంగా చెబుతున్నాడు.

“ఇప్పుడెట్లా బాగైంది?” అని అధికారి అడిగితే గుమాస్తా ముందుకొచ్చి, “గాలి తగ్గింది సార్,” అన్నాడు. గాలికీ దీనికీ ఏం సంబంధమో, ఈ వయసులో తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

పుస్తకంలో అడ్డకడ్డీ బొమ్మ చూపించాను. “దీనికి అట్ట కూడా లేదే, రాసిందెవరు?” అన్నాడు అధికారి.

రిపోర్టులో ఆవరణ పరిశుభ్రంగా ఉందని, హెడ్ గుమాస్తా శ్రద్ధ మెచ్చదగినదని రాశాడు. మెకానిక్ అనుమతి లేకుండా మిద్దెక్కాడని, మరో ఏడాది టెంపరరీగానే ఉంచాలని రాశాడు.

మర్నాడు ‘దీన్ని ఎవరూ లేపరాదు’ అని రేకు మీద రాసి స్తంభానికి కట్టాను. సర్కారు స్తంభం మీద అనుమతి లేని రాత అని, దానికీ ఒక మెమో ఇచ్చారు.