ఆ వైపు నుంచి రావలసిన నాడె

తల్లిదండ్రుల మీటింగ్ అయిపోయి అందరూ లేచి వెళ్తుంటే, ఎవరో ఒక తల్లి వెనక ఆగిపోతుంది. ఆమె అడిగేది మధ్యాహ్న భోజనంలో గుడ్డు గురించో, యూనిఫాం కొలతల గురించో అయి ఉంటుంది. అయినా సరే, ఆమె నోరు తెరిచేదాకా నాకు భయమే. నాగర్‌కర్నూలుకు వచ్చి ఇన్నేళ్లయినా ఈ భయం పోలేదు. ఇది గద్వాల నుంచి నా వెంట వచ్చింది.

అవి రెండు వేల తర్వాతి దశకంలో చివరి సంవత్సరాలు. అప్పటిదాకా మా దగ్గర ఏడో తరగతికి జిల్లా అంతటికీ ఒకటే ప్రశ్నపత్రం. హాల్‌టికెట్టు, వేరే బడిలో సెంటరు, గోడకు అంటించిన పాసైనవాళ్ల నంబర్లు. ఒక్క సబ్జెక్టులో ముప్పై అయిదు రాకపోయినా అక్కడ ఆగిపోవలసిందే. అదంతా మారింది. ఇక మీదట పరీక్ష మా బడిలోనే, మేమే పెడతాం. మార్కుల బదులు ఏ, బీ, సీ అని గ్రేడులు ఇస్తాం. ఫెయిలు అన్నమాటే లేదు, అందరూ ఎనిమిదికి పోతారు. ఈ సంగతి తల్లిదండ్రులకు ఎలా విడమరచి చెప్పాలో వనపర్తిలో మాకు శిక్షణ కూడా ఇచ్చారు. టీ, బిస్కెట్లు, నల్లబల్ల నిండా బాణం గుర్తులు. మంచివార్త చెప్పడానికి శిక్షణ ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

నేతపని వాళ్ల వీధికి వెళ్లి చెప్పే పని హెడ్మాస్టరు నా నెత్తిన పెట్టాడు. "నువ్వు పల్లె పిల్లవు, తెలకపల్లి దానివి, వాళ్ల మాటలో చెప్పగలవు" అన్నాడు. ఆయన పుట్టి పెరిగింది ఆ వీధికి నాలుగు గల్లీల అవతలే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఉద్యోగంలో కొత్త కదా, మింగేసి చెప్పులేసుకున్నాను.

ఆ వీధిలో నా మంచివార్తకు ఎవరూ మురిసిపోలేదు. "ఫెయిలు లేకుంటే పోరగాండ్లు పుస్తకం పడుతరా?" అని ఒకామె నన్నే నిలదీసింది. కాసేపటికి గానీ నాకు విషయం తలకెక్కలేదు. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచుకు పట్టు. ఆ రెండూ కలిసేచోట అడ్డదారం మోసే అంచు నాడెను అటువైపు నుంచి అందించడానికి నేసేవాడి పక్కన మరో మనిషి కూర్చోవాలి. కూలికి మనిషిని పెట్టుకుంటే గిట్టదు, ఇంట్లోవాళ్లే కూర్చోవాలి. పిల్లల్లో ఎవరు కూర్చోవాలన్నది ఆ వీధిలో తల్లిదండ్రులు తేల్చేవాళ్లు కాదు. ఏడో తరగతి పరీక్ష తేల్చేది. పాసైతే బడి, ఫెయిలైతే మగ్గం. ఇంట్లో గొడవ లేదు, ఒకరి మీద ఒకరికి కోపం లేదు. ఇప్పుడు మేము ఆ తీర్పు చెప్పేవాణ్ణి ఊరు దాటించి, మీరే చూసుకోండి అంటున్నాం.

వీధి చివరింట్లో మా ఏడో తరగతి అమ్మాయి ఉండేది. నేను వెళ్లేసరికి తండ్రి గుంట మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు, తల్లి రాట్నం దగ్గర కండెలు చుడుతోంది. ఆయన పక్కన మడిచిన గోనెపట్టా ఒకటి పరిచి ఉంది, దాని మీద ఎవరూ లేరు. ఆయన నాడె విసిరి ఒక్క క్షణం ఆగేవాడు. తర్వాత తనే ఒంగి, అటువైపున్న అంచు నాడెను అందుకుని ఇటు లాగేవాడు. మళ్లీ విసిరేవాడు, మళ్లీ ఆగేవాడు. అలసిపోయాడనుకున్నాను.

నేను చెప్పవలసింది చెప్పాను. ఆయన అంతా విని, బిడ్డ ప్రోగ్రెస్ కార్డు తెప్పించి, లెక్కల దగ్గర వేలు పెట్టాడు.

"బీ అంటే ఏంది టీచరమ్మా?"

"బాగానే చదువుతోందని అన్నా."

"మా షావుకారు చీర విప్పి ఎండకు పట్టి చూస్తడు. దాగు, మరక లేకుంటే ఈ దిక్కు పెడతడు, ఉంటే ఆ దిక్కు పెడతడు. ఆ దిక్కు పెట్టినదాన్ని ఆయన గూడ ఫెయిలనడు, సెకండు అంటడు. అంటే ఏమాయె, దాన్ని మళ్ల ఎన్నడు ఈ దిక్కు తేడు. మీ బీ గూడ గదే గద? ఎండకాలం సెలవులు అయినంక మా పిల్ల మగ్గం కాడ కూసుంటది."

నాకు ఒళ్లు మండింది. "నీ బిడ్డ చీరనా అన్నా?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "చీర అయితే నేనే చూసి చెప్తుంటి. బిడ్డ సంగతి నాకు తెల్వదు. గందుకే పరీక్షను నమ్ముకున్న. గిప్పుడు అది గూడ లేదంటున్రు" అన్నాడు. తల్లి తలెత్తలేదు. రాట్నం మాత్రం ఆగింది.

ఓడిపోయి వచ్చాననిపించింది. బడి తెరిచే లోపు ఆ అమ్మాయిని ఎలాగైనా దక్కించుకోవాలని పట్టుదల పెరిగింది. వారం తిరక్కుండానే మళ్లీ వెళ్లాను. ఆ రోజు తల్లి ఇంట్లో లేదు, రంగులద్దిన నూలు తేవడానికి వెళ్లింది. ఆయన నన్ను కూర్చోమని, మగ్గం ఆపకుండానే, పెద్ద బిడ్డ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఒక పెద్ద బిడ్డ ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆమె కూడా మా బళ్లోనే చదివింది, నేను ఉద్యోగానికి రాకముందు. ఏడో తరగతిలో అన్నీ పాసై లెక్కల్లో ఇరవై తొమ్మిది తెచ్చుకుంది. గోడ మీద నంబరు లేదు. అన్నం ముట్టకుండా ఏడ్చింది. "పరీక్ష చెప్పింది బిడ్డా, నేను చెప్పలే" అని ఆయన సముదాయించి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చెయ్యి తిరిగింది. ఆయన నాడె విసిరే లోపలే ఆమె నాడె సిద్ధంగా ఉండేదట. కొన్నేళ్లు అలా నడిచింది. తర్వాత ఒక వానాకాలం కామెర్లు వచ్చాయి. కర్నూలు దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయింది.

నాడె విసిరాడు. ఆగాడు. అప్పుడు గానీ నాకు తెలియలేదు, ఆయన అలసిపోయి ఆగడం లేదని. అటువైపు నుంచి నాడె రావడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపు ఆగుతున్నాడు. ఆ గోనెపట్టా వైపు చూడాలంటే నాకు భయం వేసింది. పట్టపగలు, బయట ఎండ, వీధి నిండా మగ్గాల చప్పుడు, అయినా అక్కడ ఎవరో కూర్చున్నట్టే ఉంది.

"టీచరమ్మా, ఒకటి అడుగుత. అబద్ధం చెప్పకు. గిప్పటి రూలు అప్పుడే ఉంటే మా పెద్దది పాసేనా?"

వనపర్తిలో బాణం గుర్తులు గీసినవాళ్లను తెచ్చి ఆ గుమ్మంలో నిలబెట్టాలనిపించింది. కాదు, అది వేరే కాలం అని దాటవేస్తే, ఈ రూలు ఉత్తమాట అనుకుని చిన్నదాన్ని ఆ గోనెపట్టా మీద కూర్చోబెడతాడు. అవునంటే, ఇన్నేళ్లూ పరీక్ష మీద పెట్టి మోసిన బరువంతా ఒక్కసారిగా ఆయన మీద పడుతుంది. ఆ పిల్ల బడి ఆగిపోయింది పిల్ల చదువు వల్ల కాదని నా నోటితో నేనే చెప్పినట్టవుతుంది. చిన్నది నాకు కళ్లముందు ఉంది. పెద్దదాన్ని నేను చూడను కూడా లేదు.

"పాసే అన్నా" అన్నాను. "లెక్కల్లో ఏదో ఒక గ్రేడు ఇచ్చి ఎనిమిదికి పంపేవాళ్లం."

మగ్గం ఆగింది. తువ్వాలుతో రెండు చేతులూ తుడుచుకున్నాడు, తుడిచిందే తుడుచుకున్నాడు.

"ఆ ముప్పై అయిదు ఎవరు పెట్టిండ్రు?"

నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. అదే చెప్పాను.

తువ్వాలు భుజాన వేసుకుని, "చిన్నదాన్ని బడికి తోలుత. బీ వచ్చినా తోలుత, సీ వచ్చినా తోలుత" అన్నాడు. నేను లేచి గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచాడు. "జర ఈ ముచ్చట దాని అమ్మకు చెప్పకు. పిల్ల ఫెయిలైంది గద, ఏం చేస్తం అని దిల్ గట్టి చేసుకుని బతుకుతున్నది. తెలిస్తే ఆగమైతది."

చెప్పనని మాట ఇచ్చాను.

సెలవులు అయ్యాక బడి తెరిచిన రోజు ఆ అమ్మాయి నూనె పెట్టి దువ్విన జడలతో వచ్చి ఎనిమిదిలో కూర్చుంది. నాకు ఏనుగెక్కినంత సంబరం. ఆ నెలలోనే తల్లిదండ్రుల మీటింగ్ పెట్టాం. ఆ తల్లి వచ్చి వెనక వరుసలో, గోడకు ఆనుకుని కూర్చుంది. గ్రేడుల గురించి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె వేళ్లకు అంటిన రంగును గోటితో గీరుతూనే ఉంది.

అందరూ వెళ్లిపోయారు. ఆమె ఆగి, నాతో కలిసి జంపఖానా మడత పెట్టింది. అంచులు కలిపేటప్పుడు దగ్గరికి వచ్చి, నెమ్మదిగా అడిగింది.

"మా పెద్దదానికి లెక్కలల్ల ఇరవై తొమ్మిది వచ్చినయి. గిప్పుడైతే పాసే గద?"

మాట ఇచ్చాను కదా, కలిసిన అంచులనే మళ్లీ కలపబోయాను. నా మొహం చూస్తే సరిపోయింది ఆమెకు.

"నాకెరుకనే" అంది. "నువ్వు మొదటిసారి ఇంటికొచ్చి చెప్పిననాడే ఎరుకైంది." జంపఖానా నా చేతుల్లో పెట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మా ఆయనకు మాత్రం చెప్పకు టీచరమ్మా. ఫెయిలైందనే గద పక్కన కూసోబెట్టుకున్నడు. తెలిస్తే ఇగ నాడె పట్టడు."

ఆమెకు కూడా మాట ఇచ్చాను. ఇంకేం చెయ్యను?

గద్వాల నుంచి బదిలీ అయ్యేముందు ఒకసారి వెళ్లొస్తానని చెప్పడానికి ఆ ఇంటికి వెళ్లాను. చిన్నది బళ్లో ఉంది. గోనెపట్టా మీద తల్లి కూర్చుని ఉంది. ఈ వయసులో కొత్తగా నేర్చుకుంటోంది, చెయ్యి ఇంకా తిరగలేదు. ఆయన నాడె విసిరి, ఎప్పటిలాగే ఆగాడు. ఆమె ఆలస్యంగా అందించింది. ఆయన అందుకుని మళ్లీ విసిరాడు. ఆమె తల వంచుకుని దారం సరిచేసుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నేస్తున్నారు. నేను పిలవకుండానే గడప దగ్గర నుంచి తిరిగి వచ్చేశాను.