‘ఊ’ అంటే వినపడని మామ

“స్టేషన్ మామ పోయినాడప్పా. తెల్లారుజామున నిద్దట్లోనే పోయినాడు. రేపు పొద్దున ఎత్తుతారంట,” అని నాయన ఫోన్‌లో చెప్పాడు. అప్పుడే నేను నడిపిన విమానం దిగి, దాని రెక్క నీడలో నిలబడి ఉన్నాను.

“స్టేషన్ మామ పోయినాడు. తెల్లారుజామున. రేపు పొద్దున ఎత్తుతారు,” అన్నాను నేను.

“నేను చెప్పిందే మళ్లీ నాకు చెప్తావేమప్పా?” అన్నాడు నాయన. ఆ తర్వాత ఆయనకే తట్టింది. “ఆయప్ప నేర్పిచ్చిన పనే కదా,” అని ఫోన్ పెట్టేశాడు. ఇంకో రెండు దీవులకు జనాన్ని చేర్చవలసి ఉండింది. చేర్చాను. రేపు పొద్దునకు నేను మా ఊరు తాడిపత్రి చేరే దారి లేదు.

మామ మాకు చుట్టం కాదు. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి, రిటైరై, మా పక్కింట్లో కాపురం పెట్టిన మనిషి. ఊళ్లో అందరికీ స్టేషన్ మామే. మా రెండిళ్లకు మధ్య నల్లబండలు నిలబెట్టి కట్టిన గోడ ఒకటి. మా నాయనది బండలు పాలిష్ పట్టే వ్యాపారం కాబట్టి, మిషన్ దగ్గర పగిలిపోయిన బండలన్నీ ఆ గోడలోకే చేరాయి. తలకు మించిన ఎత్తు.

మామకు ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏం చెప్పినా దాన్ని తిరిగి చెప్పి, చివర “సరే” అనేవాడు. అత్త లోపలి నుంచి “బియ్యం అయిపోయినాయి” అంటే, ఈయన వాకిట్లోంచి “బియ్యం అయిపోయినాయి. సరే” అనాల్సిందే. పెళ్లికి పిలవడానికి వచ్చినవాళ్ల ముందు ముహూర్తం, ఊరు, పెళ్లికొడుకు తండ్రి పేరు మొత్తం అప్పజెప్పేవాడు. వీధిలో పిల్లలు ఆయన వెనక నడుస్తూ “సరే, సరే” అని వెక్కిరించేవాళ్లు. ఆయన వెనక్కి తిరిగి “సరే, సరే. సరే,” అని ముందుకు పోయేవాడు. నేనూ బాగానే నవ్వాను ఆ రోజుల్లో.

తొంభైల చివర్లో నాకు పైలట్ లైసెన్సు వచ్చింది. నన్ను చదివించడానికి నాయన తన మిషన్లలో ఒకటి అమ్మాడు. లైసెన్సు అయితే వచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. మన దేశంలో ఉన్న నాలుగు కంపెనీలు పెద్ద విమానం నడిపిన అనుభవం కావాలన్నాయి. నడపనిస్తేనే కదా అనుభవం. ఏళ్లు గడిచాయి. మిషన్ దగ్గర బండలు లారీలకు ఎక్కిస్తూ నిలబడితే డ్రైవర్లు, “ఏమప్పా పైలెట్టూ, మా లారీ ఏమన్నా తోలుతావా?” అనేవాళ్లు. అందులో ఎగతాళి లేదు, నిజంగానే అడిగేవాళ్లు. ఏడుపొచ్చేది.

చివరికి గల్ఫ్‌లో ఒక చిన్న కంపెనీ పిలిచింది. ఉత్తుత్తి విమానంలో, అంటే నేల మీదే ఉండి కదిలే యంత్రంలో, పరీక్ష పెట్టారు. పక్కన పెద్ద కెప్టెన్ కూర్చున్నాడు. బాగానే నడిపాను, ఇప్పటికీ ఆ మాటే అంటాను. దిగే ముందు ఆయన “చక్రాలు దించావా?” అని ఇంగ్లీషులో అడిగాడు. “ఊఁ” అని, దించే మీట మీద చెయ్యి పెట్టాను. ఆయన యంత్రం ఆపేశాడు. “నీ చేతులు బాగున్నాయి. నువ్వు నాకేం చెప్పావో మాత్రం నాకు తెలియలేదు,” అన్నాడు. అంతే. పెట్టె పట్టుకుని ఇంటికి వచ్చాను.

ఆ ఏడు మా వైపు వాన లేదు. శెనక్కాయ చేలు మొలిచిన చోటే మాడిపోయాయి. కొళాయిలో నీళ్లు ఎప్పుడో సాయంత్రం వచ్చేవి, అవీ సన్నగా. నేను గది తలుపేసుకుని పడుకున్నాను. అందరూ ఓదార్చిపోయారు, మామ తప్ప. ఆయన వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని, “ఏమడిగినాడు? నువ్వేమన్నావు? ఉన్నదున్నట్లు చెప్పు,” అన్నాడు.

“చక్రాలు దించినావా అన్నాడు. ఊ అన్నా.”

“దించినావా?”

“దించబోతాండా మామా. చెయ్యి దాని మీదనే ఉండాది.”

అప్పుడు మామ చెప్పింది నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. అత్తకు తప్ప ఎవరికీ తెలియదట. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, ఒక చిన్న స్టేషన్‌లో ఉండగా, గూడ్సు బండి వదిలే ముందు గేటు మనిషికి ఫోన్ చేసి “గేటు వేసినావా?” అని అడిగాడు. అవతల నుంచి “ఊ” అని వచ్చింది. బండిని వదిలాడు.

“వాడు ఊ అన్నది వేస్తాండా అని. నేను విన్నది వేసినా అని. అప్పుడే గొర్ల మంద దాటుతాండాది. నేను పరిగెత్తుకోని పోతి. ఆ గొర్ల కాపరి ఏడ్చల్యా, నన్ను తిట్టల్యా. పట్టాల పక్కన కూర్చోని ఒక్కోదాన్ని పేరు పెట్టి పిలుస్తాండాడు. బతికుండేటివి పలికినాయి.”

మామ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. “విన్నా అని ఒక ఊ. చేస్తా అని ఒక ఊ. చేసినా అని ఒక ఊ. ఏది ఏదో ఎదుటోడు ఎట్ల కనిపెట్టాల? ఊ అనేది మాట కాదప్పా. గాలి.”

మరుసటి సాయంత్రం నుంచి నాకు బడి మొదలైంది. గోడకు అవతల ఆయన, ఇవతల నేను. ఎదురెదురుగా కూర్చుందాం అన్నాను. “నా మొకం చూస్తే తలకాయ ఊపుతావు. గోడకు ఊపు, ఏం తెలుస్తాదో చూస్తా,” అన్నాడు. విమానం సంగతులు ఆయనకేం తెలియవు. ఇంట్లో పనులే చెప్పేవాడు. “బిందె నిండినాది, కొళాయి ఆపు.” నేను “బిందె నిండినాది, కొళాయి ఆపుతాండా,” అనాలి. ఆపాక “ఆపినా” అనాలి. పొరపాటున ఊ అన్నానా, గోడ అవతల నుంచి “ఇనపల్లేదు,” అని వచ్చేది. కోపంగా కాదు, మామూలుగా, నిజంగానే చెవిలో పడనట్లు. ఇంకోసారి ఊ అంటే ఇంకోసారి “ఇనపల్లేదు.” కొన్నాళ్లకు ఒళ్లు మండి, “వినపడింది మామా, నీకు బాగా వినపడింది,” అని అరిచాను. “నాకు బాగా వినపడినాది. సరే,” అన్నాడు. అత్త లోపల పొట్ట పట్టుకుని నవ్వుతున్న చప్పుడు ఈ పక్కకు వినిపించింది.

ఊ అనేది మనకు చిన్నప్పుడు కథలు వింటూ అంటుకున్న అలవాటు. దాన్ని వదిలించుకోవడం ఎంత కష్టమో మీరు ఒక్క పూట ప్రయత్నిస్తే తెలుస్తుంది. నాకు వానాకాలం మొత్తం పట్టింది, వాన పడని వానాకాలం.

ఆ తర్వాత ఈ దీవుల దేశం వాళ్లు పిలిచారు. మళ్లీ అలాంటి యంత్రమే, అలాంటి పెద్ద కెప్టెనే. చక్రాల సంగతి అడిగినప్పుడు, “చక్రాలు దించుతున్నాను,” అన్నాను. ఆగాను. “దిగాయి. మూడు దీపాలూ పచ్చగా ఉన్నాయి,” అన్నాను. నా చెవిలో మాత్రం కొళాయి, బిందె. పరీక్ష అయ్యాక ఆ కెప్టెన్ నాతో చెయ్యి కలిపాడు. నాయనకు చెప్పి, వెంటనే మామ ఇంటికి ఫోన్ చేశాను.

“ఉద్యోగం వచ్చింది మామా.”

“ఉద్యోగం వచ్చినాది,” అన్నాడు. ఆ తర్వాత రావలసిన “సరే” ఎంతకూ రాలేదు. ఫోన్ అత్త అందుకుని, “తువ్వాలు మొకానికి అడ్డం పెట్టుకున్నాడు నాయనా, మళ్లా మాట్లాడతాడులే,” అంది.

ఇక్కడ దాదాపు రోజూ వాన. ఫోన్ చేసినప్పుడల్లా మామ మొదట అడిగేది అదే.

“ఈ పొద్దు ఆడ వానా?”

“ఈ పొద్దు ఈడ వాన మామా.”

“సరే. ఈడికి కూడా రొంత పంపమను,” అనేవాడు.

పోయిన ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. ఒక్క శబ్దం మాత్రం మిగిలింది. ఏది మిగిలిందో మీకు చెప్పనక్కరలేదనుకుంటాను. ఆకలైనా ఊ, వద్దన్నా ఊ, అత్తను పిలవాలన్నా ఊ. దేవుడికి ఇంతకంటే మంచి పని దొరకలేదా అని నాకు ఇప్పటికీ కోపమే.

చివరిసారి మాట్లాడినప్పుడు అత్త ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టింది. “వచ్చే నెల సెలవు దొరికింది మామా. వస్తాండా,” అన్నాను.

“ఊ,” అన్నాడు.

“ఇనపల్లేదు మామా,” అన్నాను. ఎలా తీసుకుంటాడో అని భయపడ్డాను. అత్త గొంతు వచ్చింది. “నవ్వుతాండాడు నాయనా. కండ్లెంబడి నీళ్లు కారుతాండాయి, నవ్వుతాండాడు.”

ఆ ఊ ఏ ఊ అని అప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. నువ్వు చెప్పింది విన్నా అనా? నువ్వు వచ్చేదాకా ఉంటా అనా? చెప్పగలిగిన మనిషి లేడు.

అనుకున్న నెలలోనే ఊరికి వెళ్లాను. సాయంత్రం కొళాయి నీళ్ల వేళకు పెరట్లోకి వచ్చి, గోడ దగ్గర నిలబడ్డాను. అడుగుల చప్పుడు విని అవతల నుంచి అత్త, “వచ్చినావా నాయనా?” అంది.

వచ్చినా అత్తా, అని పూర్తిగా చెప్పాలనే నోరు తెరిచాను.

“ఊ,” అన్నాను.

ఇనపల్లేదు, అని ఎవరూ అనలేదు. గోడ అవతల బిందె నిండి, నీళ్లు పొర్లి బండల మీద పడుతున్నాయి. అత్త కొళాయి ఆపలేదు.