లామినేషన్ చేయించిన క్రికెట్ కార్డులు

ఫైనాన్స్ వాళ్లు ఆటో తీసుకుపోయిన రోజు మా ఆయన అన్నం తినలేదు. నేను తిన్నాను. ఇద్దరం పస్తులుంటే వాళ్లేమన్నా జాలిపడి బండి వెనక్కి తెచ్చిస్తారా అని నా కోపం. సోమవారంలోగా వాయిదాలు కట్టకపోతే వేలం వేస్తామని చెప్పి మరీ వెళ్లారు. సిమెంటు బస్తాలు మోసి మోసి నడుం దెబ్బతిన్నాకే ఆయన ఆటో కొనుక్కున్నారు. మళ్లీ బరువెత్తితే ఇక మంచమేనని డాక్టరు చెప్పాడు. ఆ బండి పోతే మాత్రం మళ్లీ ఆ బస్తాల దగ్గరికే వెళ్లాలి. వేరే పని ఆయనకు రాదు.

నా బంగారం అప్పటికే బ్యాంకులో తాకట్టులో ఉంది. చుట్టాలు ఫోన్లు ఎత్తడం మానేశారు. ఇంట్లో అమ్మడానికి మిగిలింది నా క్రికెట్ కార్డులే.

జగ్గయ్యపేటలో మా నాన్నకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. బబుల్‌గమ్ ప్యాకెట్‌లో ఒక్కో ఆటగాడి బొమ్మ వచ్చేది, వెనక అతని పరుగులూ వికెట్లూ. కొట్లో కూర్చుని, వీధిలో మగపిల్లలతో పోట్లాడి, ఒకటికి రెండిచ్చి మార్చుకుని సెట్టు మొత్తం పోగుచేశాను. ఆడపిల్లకు ఇదేం పిచ్చని అమ్మ తిట్టిపోసేది. కాపురానికి వచ్చేటప్పుడు వాటిని చీరల మధ్య దాచి తెచ్చుకున్నాను.

అవి చూసి మా ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఒక్కొక్కటీ తిప్పి చదివి, "వీటికి చెదలు పడితే ఎట్టా?" అన్నారు. మర్నాడే నందిగామ తీసుకెళ్లి, జిరాక్స్ షాపులో దగ్గరుండి అన్నిటికీ లామినేషన్ చేయించుకొచ్చారు. రేషన్ కార్డైనా, పదో తరగతి మార్కుల లిస్టైనా, విలువైన కాగితమంటే మా వైపు ముందు చేసే పని అదే. నా ముచ్చట కోసం ఆయన పెట్టిన మొదటి ఖర్చు అది. పట్టుచీర కొన్నా అంత సంబరపడేదాన్ని కాదు.

ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేటప్పుడు, మెరుపు పడి బొమ్మలు కనపడటం లేదని నీడలో పెట్టి ఫొటోలు తీశాను. సాయంత్రానికల్లా పాత కార్డులు పోగుచేసే హైదరాబాద్ కుర్రాడొకడు ఫోన్ చేశాడు. అతను చెప్పిన రేటుకు వాయిదాలన్నీ తీరిపోతాయి. విజయవాడ వెళ్తూ శనివారం నందిగామ బస్టాండు దగ్గర ఆగుతానన్నాడు. ఆ మాటతో మా ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

శనివారం బస్సులో దారంతా ఆయన ఎదురొచ్చే ఆటోల నంబర్లే చూస్తూ కూర్చున్నారు. బస్టాండు ఎదురుగా టీ కొట్లో ఆ కుర్రాడు కలిశాడు. కార్డుల పెట్టె మూత నన్ను తీయనివ్వలేదు మా ఆయన.

"చూడండి, ఒక్కటన్నా నలిగిందేమో! నేనే దగ్గరుండి చేయించానండి."

కుర్రాడు ఒక కార్డు తీసి వంచి చూశాడు. మొహం మాడిపోయింది.

"అన్నా, ఇవి లామినేషన్ చేసినవా? ఫొటోల తెలువలేదు. కార్డు ఎట్లొచ్చింది అట్లుంటెనే విలువ, ఇట్ల చేస్తే ఇంక ఎవ్వరూ కొనరన్నా."

"పైన ప్లాస్టిక్ తీసేసి ఇస్తే?" అన్నారు మా ఆయన.

"రాదన్నా. బొమ్మ కూడా దానితోనే ఊడొస్తది."

టీ డబ్బులు తనే ఇచ్చి, మా ఇద్దరికీ సారీ చెప్పి కారెక్కాడు. మోసగాడైతే నాలుగు తిట్టి నా కసి తీర్చుకునేదాన్ని. మంచివాడు. అదింకా ఒళ్లు మండించింది. ఇక సోమవారం వేలమే.

మా ఆయన పక్క కొట్లో గడ్డం గీసుకునే బ్లేడు కొని, బస్టాండులో బెంచీ మీద కూర్చున్నారు. ఒక కార్డు అంచు కోసి, ఊపిరి బిగబట్టి ప్లాస్టిక్ పైకి లాగారు. ఆటగాడి మొహం ప్లాస్టిక్‌తో పాటు లేచొచ్చింది. చేతిలో తెల్ల అట్ట మిగిలింది.

"కోత సరిగా పడలా. ఇంకోటియ్యి."

ఇచ్చాను. అదీ అంతే. మరొకటి ఇచ్చాను. ఇక ఆపండీ అందామనుకున్నాను. నాకు ధైర్యం చాలలేదు. ఆపితే, వీటిని పనికిరాకుండా చేసింది తన చేతులేనని ఆయన ఒప్పుకోవాలి. అది నేను చూడలేను. మా ఊరి మీదుగా పోయే జగ్గయ్యపేట బస్సు వచ్చి, నిలబడి, వెళ్లిపోయింది. ఆయన తలెత్తకుండానే మళ్లీ చెయ్యి చాపారు. పెట్టెలో వెతికి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన కార్డు తీసి ఆ చేతిలో పెట్టాను.