కుళ్ళాయప్ప ఆపిన చోటే స్టేజీ

కుళ్ళాయప్ప ఆర్టీసీ నుంచి రిటైరై ఆరేళ్లయింది. ఈ సంగతి ఆర్టీసీకి తెలుసు, ఆయన ఇంటామెకు తెలుసు, కదిరి బస్టాండులో టీ కొట్టువాడికి కూడా తెలుసు. తెలియనిది ఒక్క కుళ్ళాయప్పకే. ముప్పై నాలుగేళ్లు పల్లెవెలుగు బస్సులో కండక్టరుగా నిలబడీ నిలబడీ, ఎక్కడ నలుగురు మనుషులు కనబడినా ఆయనకది బస్సే. పెళ్లిపందిరీ బస్సే, రేషను క్యూ కూడా బస్సే. మనవరాలి బారసాలకు వచ్చిన చుట్టాలను "వాకిట్లో నిలబడొద్దండి, లోపలికి జరగండి, లోపల ఖాళీ ఉండాది" అని విజిలేసి మరీ లోపలికి తోసిన ఘనుడాయన.

అలాంటి మనిషి కదిరి వెటరన్స్ రన్నింగ్ క్లబ్బులో వాలంటీరుగా చేరాడు. చేరితే చేరాడు, అదే క్లబ్బులో మల్లికార్జునయ్య కూడా ఉన్నాడు. గొడవంతా అక్కడే వచ్చింది.

క్లబ్బులో పదిహేడు మంది, అందరూ అరవై దాటినవాళ్లే. ఊళ్లో "ముసలోళ్ల దండు" అంటారు. రోజూ పొద్దున్నే ఐదున్నరకు కాలేజీ మైదానం దగ్గర కలిసి, హిందూపురం రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతారు. అందరికంటే వెనక వస్తూ, ఎవరూ దారిలో మిగిలిపోకుండా చూడడం, నీళ్లివ్వడం కుళ్ళాయప్ప పని. ఆ పనికి ఆయన ఖాకీ చొక్కా తొడుక్కొని, మెళ్లో విజిలు వేసుకొని, భుజానికి పాత తోలుసంచి తగిలించుకొని వస్తాడు. ఒకప్పుడు టిక్కెట్లుండే సంచిలో ఇప్పుడు గ్లూకోజు పొట్లాలు, నీళ్ల సీసాలు, చెనిక్కాయల ఉండలు ఉంటాయి.

మొదటిరోజే రూల్సు చెప్పేశాడు. ఒక విజిలేస్తే ఆగాలి, రెండేస్తే కదలాలి. ముందు రెండు వరసలు ఆడవాళ్లవి.

"ఏయ్ తిమ్మన్నా, అవి ఆడోళ్ల సీట్లు. వెనక్కి రా!"

తిమ్మన్న అంటే ఎవరనుకున్నారు? క్లబ్బు అధ్యక్షుడు, రిటైరైన డ్రిల్లు మాస్టారు. వేలమంది పిల్లల్ని ఈలేసి పరుగెత్తించినవాడు.

"రోడ్డు మీద సీట్లేందప్పా?" అన్నాడాయన.

"సీట్లు ల్యాకపోతే రూలు పోతాదా?" అన్నాడు కుళ్ళాయప్ప.

మాస్టారు బుద్ధిగా వెనక వరసలోకి వచ్చాడు.

మల్లికార్జునయ్య అలా వచ్చే రకం కాదు. నలభై ఏళ్లు బట్టల కొట్టు నడిపి, అంగుళం ఎక్కువ కోయకుండా, అంగుళం తక్కువ ఇవ్వకుండా బతికినవాడు. కొట్టు తమ్ముడికి అప్పగించి, అరవై ఎనిమిదో ఏట పరుగులో పడ్డాడు. పోయిన సంవత్సరం అనంతపురంలో ఉమ్మడి జిల్లా పోటీ జరిగితే ఆయన నాలుగో స్థానంలో వచ్చాడు. మూడో స్థానం గుంతకల్లు జయరాం ఎగరేసుకుపోయాడు. ఆయనో రిటైర్డు హెడ్ కానిస్టేబులు. ఇద్దరికీ తేడా నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లు సంవత్సరంగా మల్లికార్జునయ్య గొంతులో ముల్లులా ఉన్నాయి.

"నాలుగు సెకన్లంటే ఎంతండీ? ఒక తుమ్ము!" అంటుంది భార్య ఈశ్వరమ్మ.

"ఆ తుమ్మే నా మెడల్ తీసకపోయింది!" అంటుంటే ఆయన చెవులు ఎర్రబడేవి.

ఆ చెవుల గురించి చెప్పాలి. చిన్నసైజు చాటల్లా ఉంటాయి. ఆయనకు కోపమొచ్చిందీ లేందీ మొహం చెప్పదు, చెవులు చెబుతాయి. కొట్లో గుమాస్తాలు చెవుల రంగు చూసుకొని, ఎవరూ పొమ్మనకుండానే గోడౌనులోకి పోయేవారు.

ఈసారి ఎట్లాగైనా మెడల్ కొట్టాలి. కొట్టాలంటే ఆగకుండా పరుగెత్తడం అలవాటు కావాలి. కుళ్ళాయప్ప ఉండగా ఆగకుండా పరుగెత్తడం ఎవరి తరం? ఒకరోజు అందరూ మాంచి ఊపు మీద కల్వర్టు దగ్గరికి వచ్చారో లేదో, వెనకనుంచి కుయ్యిమని విజిలు. పదిహేడు మందీ టక్కున ఆగారు.

"ఏమప్పా, ఎందుకాపినావు?" అన్నాడు మల్లికార్జునయ్య.

"స్టేజీ సావుకారూ. కల్వర్టు స్టేజీ. దిగేటోళ్లు దిగండి, ఎక్కేటోళ్లు ఎక్కండి!"

"ఈడ ఎవురు దిగుతారప్పా?"

"ఎవురూ దిగరు. అయినా ఆపల్ల. ఇంద, ఈ నీళ్లు తాగు."

నిమిషం గడిచాక రెండు విజిళ్లు, "రైట్ రైట్!" అని ఒక కేక. ఇంకో కిలోమీటరు పోగానే మళ్లీ ఆపాడు. అది ఎర్రప్ప ఎండుబోరు స్టేజీ. ఎర్రప్ప అనే రైతు ఏడు వందల అడుగులు బోరేయిస్తే తెల్లటి దుమ్ము తప్ప చుక్క నీరు రాలేదు. పైపు మూతికి రాయి పెట్టి వదిలేశాడు పాపం. నీళ్లు పడని బోరుకు కుళ్ళాయప్ప పుణ్యమా అని పేరైతే పడింది.

ఒకరోజు కుళ్ళాయప్ప విజిలుకు రోడ్డున పోతున్న నిజం బస్సే ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి "ఏమన్నా, ఎక్కుతారా?" అన్నాడు. ఈ పెద్దలు పకపకా నవ్వుతూ ఉండగానే లక్ష్మీపతి అనే సభ్యుడు గమ్మున ఎక్కి వెళ్లిపోయాడు. ఆ రోజు మొదట వచ్చింది ఆయనే.

సరే, ఆపితే ఆపాడు, ఒక చోట ఆపి చావొచ్చు కదా! సోమవారం కల్వర్టు దగ్గర ఆపినవాడు మంగళవారం కల్వర్టు దాటి సీతాఫలం చెట్టు దగ్గర ఆపుతాడు. బుధవారం కల్వర్టు రాకముందే మైలురాయి దగ్గర. లెక్కప్రకారం బతికిన మల్లికార్జునయ్యకు ఒళ్లు మండిపోయేది.

"నిన్న ఈడ స్టేజీ ల్యాదే?"

"రిక్వెస్టు స్టాపు సావుకారూ."

"ఎవురు చేసినారప్పా రిక్వెస్టు?"

కుళ్ళాయప్ప ఆకాశంలోకి చూశాడు. కదిరి ఆకాశం, మబ్బు తునకైనా లేదు. "ప్యాసింజరే చేసినాడు లే," అని సంచి సర్దుకున్నాడు.

వినకుండా పోదామంటే కాళ్లు వినవు. విజిలు పడితే ఆగడం చిన్నప్పటినుంచీ బస్సులెక్కిన కాళ్లకు అలవాటు. ఇక లాభం లేదని మల్లికార్జునయ్య సాక్ష్యం కూడగట్టడం మొదలుపెట్టాడు. మనవరాలు కొనిచ్చిన చేతిగడియారం ఎక్కడ పరుగెత్తిందీ, ఎక్కడ ఆగిందీ ఫోనులో గీతలు గీసి చూపిస్తుంది. ఇంటికి రాగానే ఆ గీతలు చూసి ఏ రోజు ఎక్కడ ఆపాడో, ఎంతసేపు పోయిందో పొడుగాటి పుస్తకంలో రాసేవాడు. నెల తిరిగేసరికి గంటా యాభై నిమిషాలు పోయినట్టు తేలింది.

"నాలుగు సెకన్లకే ఏడాది ఏడ్చినారు," అంది ఈశ్వరమ్మ. "దీనికి ఎన్నేళ్లు ఏడుస్తారో!"

జిల్లా పోటీ పదిరోజులుందనగా తిమ్మన్న ఇంటి వాకిట్లో క్లబ్బు మీటింగు పెట్టించాడు మల్లికార్జునయ్య. తీర్మానం ఒకటే. కుళ్ళాయప్ప దగ్గర విజిలు తీసుకోవాలి. ఫోను, పుస్తకం బల్లమీద పెట్టి అంకెలన్నీ గడగడా చదివాడు. తీర్మానం పాసైంది. అంకెలు అంకెలే కదా.

కుళ్ళాయప్ప మెళ్లో విజిలు తీసి బల్లమీద పెట్టాడు. పెట్టాడన్నమాటే గానీ, చెయ్యి మాటిమాటికీ గుండెమీదికి పోయి లేని దారాన్ని వెతుక్కుంటోంది.

"విజిలు ల్యాకుండా నేను వెనకాల ఏం జేయల్లప్పా?" అన్నాడు చివరికి.

మల్లికార్జునయ్యకు పాపం అనిపించింది. కానీ నాలుగు సెకన్లో? మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అప్పుడు భారతి కళ్లద్దాలు సవరించుకుంది. ఆమె గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ముప్పై ఏళ్లు చార్టులు చూసిన కళ్లు, గీత కనబడితే వదలవు.

"అన్నా, కింద ఈ ఎర్రగీత ఏంది?"

"అదంతా నేను చూడనమ్మా. నేను చూసేది టైమే."

"ఇది నీ గుండె కొట్టుకునే గీతన్నా!" అని ఆమె ఫోను దగ్గరికి లాక్కుని చదవసాగింది. "సోమవారం కల్వర్టు. గుండె నూటా అరవై రెండు. ఆగినావు. దిగింది. మంగళవారం సీతాఫలం చెట్టు. నూటా అరవై ఐదు. ఆగినావు. దిగింది. బుధవారం మైలురాయి, నూటా అరవై నాలుగు..."

నెలంతా అంతే. గుండె పరుగు నూటా అరవై దాటిన ప్రతిచోటా, సరిగ్గా అక్కడే, స్టేజీ. నలభై ఏళ్లు కొలతలు కొలిచిన పెద్దమనిషి కిందనున్న గీత చూసుకోలేదు.

అందరూ కుళ్ళాయప్ప వైపు తిరిగారు. ఆయన దొంగతనం బయటపడ్డవాడిలా సంచిలో తల దూర్చి గ్లూకోజు పొట్లాలు సర్దుతున్నాడు.

"నీకెట్ల తెలిసిందప్పా?" అంది భారతి.

"నాకేం దెలుసమ్మా గుండె గిండె! ముప్పై నాలుగేండ్లు వెనకాల నిలబడి వీపులే కదా చూసినా. ఎవురికి కడుపులో తిప్పుతాండాదో, ఎవురు ఆపమని అడగల్యాక బిగబట్టుకున్నారో వీపు చూస్తే తెలిసిపోతాది."

"నా వీపు ఏం చెప్పింది?" అన్నాడు మల్లికార్జునయ్య.

"నీది వీపు కాదు సావుకారూ, చెవులు. ఊపిరందకపోతే రెండూ ఎర్రగా వెలుగుతాయి, బస్సు బ్రేకు లైట్ల మాదిరి. వెనకాల వచ్చేటోడు ఆ లైట్లు చూసి కూడా ఆపకపోతే యాక్సిడెంటు కాదూ?"

"మరి నాకు చెప్పొచ్చు కదప్పా!"

"చెబితే వింటావా నువ్వు? 'నీకొక్కడికే ఆయాసం, నువ్వాగు' అంటే పంతానికి ఇంకా పరుగెత్తుతావు. ల్యాకుంటే సిగ్గుపడి రేపట్నుంచి రావడమే మానేస్తావు. అందుకే అందరికీ కలిపి స్టేజీ పెట్టినా. బస్సన్నాక ఒకడి కోసం అందరూ ఆగల్ల కదా."

మల్లికార్జునయ్యకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అన్నిటినీ మించి ఈ ఖాకీచొక్కావాడి మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది. ఇన్ని ఒక్కసారి వచ్చేసరికి చెవులు రెండూ భగ్గుమన్నాయి.

"ఆపండప్పా!" అని అరిచాడు తిమ్మన్న. "స్టేజీ!"

వాకిలంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల్లోనే మల్లికార్జునయ్య లేచి, బల్లమీద విజిలు తీసి, తన చేత్తో కుళ్ళాయప్ప మెళ్లో వేశాడు. దారం ఒక అంగుళం పొడుగైందని ముడి కూడా సరిచేశాడు. మర్నాడు భారతి సావుకారుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు పరీక్షలన్నీ చేసి, రోజుకో మాత్ర రాసి, పరుగెత్తవచ్చు గానీ ఆయాసం వస్తే ఆగి తీరాలన్నాడు. "ఆపేవాడున్నాడు లెండి," అన్నాడు మల్లికార్జునయ్య.

పోటీ రోజు రానే వచ్చింది. అనంతపురంలో అరవై ఐదు దాటినవాళ్ల ఐదు కిలోమీటర్ల పరుగు, మొత్తం ఇరవై ముగ్గురు. వెనక వచ్చే వాలంటీరు మన కుళ్ళాయప్పే. అందరూ పెద్దవాళ్లే కాబట్టి గుంపు ఆయన కంటిచూపు, విజిలు అందే దూరం దాటలేదు. చివరి కిలోమీటరులో ముందు ఇద్దరు, మూడో స్థానంలో జయరాం, ఆయన వెనక పదడుగుల్లో మల్లికార్జునయ్య. పది అడుగులంటే ఎంత? ఒక తుమ్ము! పళ్లు బిగించాడు. చెవుల్లో వేడి తెలుస్తోంది. ఇంకొక్క ఊపు ఊపితే మెడల్ చేతిలో ఉన్నట్టే.

కుయ్యిమని విజిలు.

మల్లికార్జునయ్య ఆగాడు. ఈసారి కాళ్లు కాదు, తనే ఆగాడు. పోతే పోయింది మెడల్ అనుకొని తలెత్తి చూస్తే, ఎదురుగా జయరాం కూడా ఆగి ఉన్నాడు. ఆయన ముందున్న ఇద్దరూ ఆగారు. వెనకున్నవాళ్లందరూ ఆగారు.

"పుణ్యం కట్టుకున్నావప్పా," అన్నాడు జయరాం మోకాళ్లమీద చేతులు పెట్టుకొని, విజిలేసినవాడి వైపు చూస్తూ. "కిలోమీటరు నుంచి ఆగల్లనే ఉండాది. ముందు ఎవురాగుతారా అని చూస్తాండా!"

కుళ్ళాయప్ప సంచి తెరిచాడు. నీళ్లు, చెనిక్కాయల ఉండలు చేతులు మారాయి. పోటీ నిర్వాహకుడు స్కూటరు మీద లబోదిబోమంటూ వచ్చాడు.

"ఏం సార్, ఏమైంది? ఎందుకాగినారు?"

"స్టేజీ!" అన్నారు పదిమంది ఒక్కగొంతుతో. ఇక్కడ స్టేజీ ఏమిటో వాళ్లలో సగంమందికి తెలియదు. ముందున్నాయన అన్నాడు కదాని అన్నారు.

రెండు విజిళ్లు పడ్డాయి. అందరూ ఎక్కడివాళ్లక్కడినుంచే కదిలారు. జయరాం మూడు, మల్లికార్జునయ్య నాలుగు. తేడా ఈసారి రెండు సెకన్లు. సగం తుమ్ము.

గీత దాటి నిలబడి, నుదుటి చెమట తుడుచుకుంటూ వెనక్కి చూశాడు మల్లికార్జునయ్య. చిట్టచివరి మనిషిని కూడా గీత దాటించి, తోలుసంచి ఊపుకుంటూ వస్తున్నాడు కుళ్ళాయప్ప.

"ఏమప్పా, ఇదేనా లాస్టు స్టేజీ?"

కుళ్ళాయప్ప ముందు ఆయన చెవుల వైపు చూశాడు. మామూలు రంగులోనే ఉన్నాయి. తృప్తిగా తలూపి, సంచి సర్దుకున్నాడు.

"నీ లాస్టు స్టేజీ ఇంకా శానా దూరం ఉండాది సావుకారూ. వాకిట్లో నిలబడొద్దు, ముందుకు జరుగు. ముందంతా ఖాళీనే!"