ఫాంటు లేని పాట

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజుల్లో మా ఆఫీసు ఏ పక్షమూ వహించలేదు. బంద్ నాడు సెలవిచ్చేది, శనివారం పిలిచి ఆ పని చేయించుకునేది. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో తటస్థత అంటే అదే. అలా వచ్చిన రెండు రోజుల బంద్‌లో మొదటి రోజును నేను ఇంట్లో కంప్యూటరుకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడానికి కేటాయించాను. పాత సిస్టమ్‌తో పనిచెయ్యనని కొత్త ప్రింటరు మొండికేసింది మరి. ఆ ప్రింటరుతో అర్జెంటు పని ఒక పాట.

పాట మా ఇంటి ఓనరుది. ఆయన నానక్‌రామ్‌గూడ పాత ఊరివాడు. కింద ఆయన కుటుంబం, పైన కడప నుంచి వచ్చి కిరాయికున్న మేము. ఆయన ఉద్యమ పాటలు కడతాడు. మర్నాడు దీక్షా శిబిరంలో పాడి, కాపీలు పంచాలని కొత్త పాటను నాచేత టైపు చేయించాడు. చిత్తు కాగితాలు చింపేస్తూ, "కంప్యూటర్ల పడ్డదంటే ఇగ ఫికరేంది సారూ" అన్నాడు. ఆ విధంగా ప్రత్యేక రాష్ట్రం కోరే పాటకు కడపవాడు కాపలా అయ్యాడు.

కంప్యూటరు నాకెవరూ నేర్పలేదు. ఆఫీసులో నేను చూసే అకౌంట్లలాగే దాన్నీ సొంతంగా నేర్చుకున్నాను, అంటే నాకు తెలియనిదేమిటో చెప్పేవాడు లేకుండా. అందుకే జాగ్రత్త ఎక్కువ. ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేశాను. ఎన్ని ఫైళ్లున్నాయో, ఎంత సైజుందో రెండువైపులా పోల్చాను. బైటుతో సహా సరిపోయింది. కొందరికి గుడికి వెళ్తే దొరికే ప్రశాంతత నాకు లెక్క సరిపోతే దొరుకుతుంది. ఆ ప్రశాంతతలోనే పాతదంతా తుడిచేసి, కొత్త సిస్టమ్ ఎక్కించి, ఫైళ్లు వెనక్కి తెచ్చి, ఓనర్ని పైకి పిలిచాను.

పాట తెరిచాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు. కొన్నిటికి నెత్తిన టోపీలు, కొన్నిటికి కింద తోకలు, మధ్యమధ్య డాలరు గుర్తులు.

"ఇదేం భాష సారూ? మీ కడపల గిట్ల రాస్తరా?"

అప్పుడు తట్టింది. నేను టైపు చేసింది డీటీపీ షాపులవాళ్లు వాడే ఫాంటుతో. అది ఉంటే తెలుగు, లేకపోతే ఇది. ఆ ఫాంటు ఉండేది సిస్టమ్ ఫోల్డరులో. సిస్టమే పోతుంటే దాని సామాను మనకెందుకని వదిలేసిన తెలివి నాది. ఫాంటు సీడీ ఇచ్చిన షాపు మూసాపేటలో ఉంది, బంద్‌కు సంపూర్ణ మద్దతుగా షట్టరు దించుకుని.

"పాట ఇందులోనే ఉందన్నా. ఒక్క బైటు తగ్గలేదు. లెక్క సరిపోయింది."

"మాకు నీళ్ల ముచ్చట, కొలువుల ముచ్చట గూడ మీవోళ్లు గిట్లనే చెప్పిండ్రు సారూ. లెక్కల్ల అన్నీ ఉంటయి. చూపియ్యమంటేనే ఉండయి."

ఫైలు మూసి మళ్లీ తెరిచాను, అవే టోపీలు, అవే తోకలు.

"పోనీ, మీకు గుర్తుండాలి కదన్నా?"

"రోజుకో తీరు మార్చి రాస్తి. ఏది ఆఖర్దో నాకేమెరుక? రేపు శిబిరంల ఏమని చెప్పాలె? కడప సారు దగ్గర పెడితే పాట ఇంగ్లీషైందని చెప్పాల్నా?"

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. పప్పు ఎనుపుతూ పాడుతోంది.

"బండ పగలగొట్టినోడ, బండకేమి ఇస్తివిరా..."

ఓనరు లేచి నిలబడ్డాడు. "ఇస్తివిరా గాదు చెల్లె, ఇస్తివిరో!"

"సోమవారం మేడ మీద 'రా' అనే పాడినారు గదన్నా. 'రో' అనింది నిన్న. మీకు ఏ దినం పాట కావల్ల?"

నెలరోజులుగా ఆయన మేడ మీద సాధన చేస్తుంటే ఈమె దాని కిందే మా వంటింట్లో కూరలు తరుగుతూ వింది. సమైక్యవాదం కోసం చుట్టాలతో ఫోన్లో పోట్లాడే మనిషి, ప్రత్యేక రాష్ట్రం పాటను సవరణలతో సహా కంఠస్థం చేసింది. ఆవిడ పాడింది, ఆయన యాస దిద్దాడు, నేను కాగితం మీద రాశాను. ఇంత ఖరీదైన యంత్రం పక్కన కూర్చుని పెన్నుతో.

మూడు చరణాలు దొరికాయి. నాలుగోది ఆవిడకు రాలేదు.

"అది పాడేటప్పుడు కుక్కరు విజిలేస్తాది, వినపడదు," అంది.

ఓనరు తెర మీది తోకలకేసి చూశాడు. నా పెన్ను లాక్కుని కొత్త చరణం రాశాడు.

"లెక్కలల్ల ఉన్నదంట, కండ్లకేమొ కానరాదు
సక్కగుందన్నోడె గాని సూపినోడు లేనెలేడు"

మర్నాడు శిబిరంలో ఆ చరణాన్నే జనం మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. అది ఏ అన్యాయం మీద పుట్టిందో వింటున్నవాళ్లలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. వెనక వరసలో నిలబడి నేనూ చప్పట్లు కొట్టాను. కొట్టకపోతే బాగుండదు కదా.

బంద్ అయ్యాక మూసాపేట వెళ్లి ఫాంటు తెచ్చాను. ఫైలు తెరవగానే పాట అచ్చ తెలుగులో, నాలుగో చరణంతో సహా ప్రత్యక్షమైంది. గర్వంగా ఓనర్ని పిలిచాను. ఆయన ఆ నాలుగో చరణాన్ని రెండుసార్లు చదివి మొహం చిట్లించాడు.

"గిది మంచిగ లేదు సారూ. తీసెయ్‌రి."

తీసేశాను. తీసేసే ముందు ఒక కాపీ పెట్టుకున్నాను, ఈసారి ఫాంటుతో సహా.